రెండు కోట్ల స్కాలర్‌షిప్ అసలు ఎక్కడిది?

ఏటా ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే పేపర్ జిల్లా ఎడిషన్‌లో ఒక వార్త ఖాయం. ఫలానా ఊరి అమ్మాయికి అమెరికా కాలేజీలో రెండు కోట్ల స్కాలర్‌షిప్. పక్కనే అమ్మానాన్నలు స్వీటు తినిపిస్తున్న ఫొటో. చదివినవాళ్లు ముందుగా అడిగేది ఆ పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయని. మార్కులు సీటు తెచ్చిపెట్టి ఉంటాయి, అందులో అనుమానం లేదు. ఆ రెండు కోట్లు మాత్రం చాలాసార్లు ఇంటి ఆదాయం తక్కువ కావడం వల్ల వచ్చినవి. కాలేజీ ఏడాదికి 60 వేల డాలర్ల ఖర్చు తను పెట్టుకుంటానంది. నాలుగేళ్లకు అది 2 లక్షల 40 వేల డాలర్లు. డాలర్‌కు 90 రూపాయలు వేసుకుంటే 2 కోట్ల 16 లక్షలు. చెక్కు ఎవరూ రాసివ్వరు. బిల్లులోంచి ఆ మేరకు కొట్టేస్తారంతే.

దీన్ని నీడ్-బేస్డ్ ఎయిడ్ అంటారు, అంటే కుటుంబం కట్టలేని మేరకు కాలేజీ భరించే సాయం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌తో సహా ఐవీ లీగ్ అని పిలిచే పేరుమోసిన ఎనిమిది ప్రైవేటు యూనివర్సిటీలూ డిగ్రీ విద్యార్థులకు ఇచ్చేది ఈ రకం సాయమే. మార్కులకు గానీ, ఆటలకు గానీ అక్కడ విడిగా స్కాలర్‌షిప్ ఉండదు. ఒలింపియాడ్ మెడల్ ఉన్న కోటీశ్వరుడి కొడుకు పూర్తి ఫీజు కడతాడు. అతని పక్క సీట్లో కూర్చున్న ఆటో డ్రైవర్ కూతురికి తిండి, హాస్టల్‌తో సహా ఉచితం. మనవాళ్లు మార్కులకిచ్చేదాన్నీ, ఆదాయం చూసి ఇచ్చేదాన్నీ కలిపి స్కాలర్‌షిప్ అనేస్తారు. మాట వరకు అయితే నష్టం లేదు. కానీ ఈ మాట పట్టుకుని దరఖాస్తు చేయబోతేనే అసలు చిక్కులు మొదలవుతాయి.

ముందు ఖర్చు సంగతి. 2025-26లో హార్వర్డ్‌లో ట్యూషన్, హాస్టల్, తిండి కలిపి బిల్లు దాదాపు 87 వేల డాలర్లు. మన లెక్కలో 78 లక్షలు. పేరున్న ప్రైవేటు కాలేజీలన్నీ ఇంచుమించు ఈ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఈ అంకెలోంచి కుటుంబం కట్టగలిగిన మొత్తాన్ని తీసేస్తే మిగిలేదే 'నీడ్'. ఎంత కట్టగలరో నిర్ణయించేది కాలేజీయే. తండ్రికి ఎంత కట్టాలనిపిస్తోందన్నది ఆ లెక్కలోకి రాదు. 'మేం ఏడాదికి మూడు లక్షలకు మించి పెట్టలేం' అని రాయడానికి ఫారంలో ఒక గడి ఉండొచ్చు గానీ, ఆ మాటతో లెక్క తేలిపోదు.

అమెరికన్ పౌరులకైతే ప్రభుత్వం నుంచి పెల్ గ్రాంటు, ప్రభుత్వ రుణాలు వస్తాయి. దానికి ఫాఫ్సా అనే ఫారం ఉంది. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లకు అందులో ఒక్క డాలరూ రాదు. విదేశీ విద్యార్థికి ఇచ్చే ప్రతి డాలరూ కాలేజీ తన జేబులోంచి, అంటే విరాళాల నిధి మీద వచ్చే రాబడిలోంచి తీయాల్సిందే. మిగతా నియమాలన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి. ఫీజులో రాయితీ ఇచ్చే ఆర్థిక స్తోమత ఎన్ని కాలేజీలకు ఉంటుంది? ప్రభుత్వ యూనివర్సిటీల విషయానికొస్తే, బయటి దేశాల నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థులే వాటికి ఆదాయం. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు వీళ్లకు నీడ్ లెక్కన సాయం చేయవు. అక్కడ సీటు వచ్చిందంటే మొత్తం కట్టడమే.

మిగిలిన ప్రైవేటు కాలేజీల్లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి నీడ్-బ్లైండ్: సీటు నిర్ణయించేటప్పుడు విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది చూడరు. రెండోది నీడ్-అవేర్: చూస్తారు, అది లెక్కలోకి వస్తుంది. విదేశీయులకు కూడా నీడ్-బ్లైండ్‌గా ఉంటూ, చేర్చుకున్నాక మొత్తం నీడ్ భరించే కాలేజీలు పట్టుమని పది ఉంటాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ ఇందులో పాత కాపులు. 2022లో డార్ట్‌మత్, బోడన్ చేరాయి. 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ వచ్చింది. నోటర్ డామ్, వాషింగ్టన్ అండ్ లీ కూడా ఈ మధ్యే ప్రకటించాయి. అమెరికాలోని వేల కాలేజీల్లో ఇంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నీడ్-బ్లైండ్ అన్నది ఒక హామీ, మొత్తం నీడ్ భరిస్తామన్నది ఇంకో హామీ. మొదటిది ఉండి రెండోది లేకపోతే సీటు వస్తుంది, డబ్బు రాదు. సాయమే ఇవ్వని కాలేజీ సాయం గురించి చూడకుండా సీటిస్తానంటే ఎవరికి ఒరిగేదేమీ లేదు. కాలేజీ వెబ్‌సైట్‌లో 'నీడ్-బ్లైండ్' కనిపించగానే ఎగిరి గంతేయకుండా, ఆ వాక్యం అమెరికన్ల గురించా, అందరి గురించా అన్నది చూసుకోవాలి. చాలా చోట్ల అది అమెరికన్ల వరకే.

ఇక నీడ్-అవేర్ కాలేజీలు. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, పెన్సిల్వేనియా యూనివర్సిటీ లాంటి పెద్దవి విదేశీయుల విషయంలో ఈ పద్ధతిలోనే ఉన్నాయి. గ్రినెల్, మెకలెస్టర్, మౌంట్ హోలియోక్, లఫాయెట్ లాంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ప్రధానంగా డిగ్రీ చదువులే చెప్పేవి) కూడా అంతే. మన దగ్గర వీటి పేర్లు చాలామందికి తెలియవు. 'అదెక్కడి కాలేజీ, ర్యాంకెంత' అని బంధువులు పెదవి విరుస్తారు. నిజం చెప్పాలంటే ఆశ పెట్టుకోదగ్గ చోట్లలో ఇవి ముందుంటాయి. వీటిలో విదేశీయుల కోసం ఏటా ఒక బడ్జెట్ పెడతారు. అడ్మిషన్ కమిటీకి నచ్చినవాళ్ల జాబితా తయారయ్యాక, వాళ్లందరి నీడ్ కూడితే బడ్జెట్ దాటిపోతుంది. అప్పుడు కోతలు పెడతారు. ఇద్దరు సమఉజ్జీలు పోటీలో ఉండి, ఒకరికి ఏడాదికి 70 వేల డాలర్లు, ఇంకొకరికి 30 వేలు కావాలంటే, రెండోవాడికే మొగ్గు. చేర్చుకున్నాక మాత్రం ఈ కాలేజీల్లో చాలావరకు లెక్క ప్రకారం మొత్తం ఇస్తాయి, సగం ఇచ్చి చేతులు దులుపుకోవు.

అందుకని కొందరు తెలివైన ఉపాయం అనుకుని, దరఖాస్తులో సాయం అక్కర్లేదని టిక్ పెట్టి, సీటొచ్చాక అడుగుదాం అనుకుంటారు. ఈ కాలేజీలు ఆ తలుపు ఎప్పుడో మూసేశాయి. స్టాన్‌ఫర్డ్ నియమం చూడండి: దరఖాస్తు చేసేటప్పుడు సాయం అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లలో ఎప్పుడూ సాయం ఉండదు. ఇంకా చాలా చోట్ల ఇదే మాట కొద్ది తేడాతో రాసి ఉంటుంది. మొదటి ఏడాది ఎలాగో కట్టి, రెండో ఏడాది చేతులెత్తేసిన పిల్లలు తిరిగి రావాల్సిందే.

పోనీ నీడ్-బ్లైండ్ చోట్ల అయినా సులువా అంటే, ఎంఐటీలో విదేశీ దరఖాస్తుల్లో సీటు దొరికేది నూటికి రెండింటికి అటూఇటూ. డబ్బు అడ్డం కాదన్నంత మాత్రాన సీటు దగ్గరకు రాదు.

భారతీయుల కోసమే కేటాయించిన నిధి ఒకటుంది. 2008లో టాటా ట్రస్టు కార్నెల్ యూనివర్సిటీకి ఇచ్చిన డబ్బులో రెండున్నర కోట్ల డాలర్లు భారతీయ డిగ్రీ విద్యార్థుల నీడ్ కోసం మూలధనంగా ఉంచారు. దాని రాబడితో ఏ సమయంలో చూసినా 20 మంది వరకు చదువుతుంటారు. హైస్కూల్ భారత్‌లో చదివి ఉండాలి. కెంటకీలోని బెరియా కాలేజీది ఇంకో దారి. 1855లో పెట్టిన ఈ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఎవరికీ లేదు, ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పని చేయాలి. విదేశీయులను తీసుకునేది చాలా కొద్దిమందినే.

ఇప్పుడు తెలుగు ఇళ్లలో ఈ వ్యవహారం ఎక్కడ చిక్కుపడుతుందో చూద్దాం. మనకు డబ్బు గురించి ప్రభుత్వానికో, కాన్సులేటుకో 'చూపించడం' అనే పని బాగా అలవాటు. అది రెండు రకాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం తక్కువ చూపించడం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నర లక్షల గీత ఉంది కాబట్టి మీసేవలో తీసిన ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆ గీత కిందకే వస్తుంది, తహసీల్దార్ సంతకం పడుతుంది. ఎంఎస్ వీసా కోసం ఎక్కువ చూపించడం రెండోది. బాబాయి దగ్గర పది, మామయ్య దగ్గర ఇరవై సర్ది, ఖాతాలో నలభై లక్షలు కొన్నాళ్లు నిలబెట్టి, సీఏ దగ్గర ఆస్తుల వాల్యుయేషన్ రిపోర్టు తీసుకుని, వీసాకు కావాల్సిన ఐ-20 అనే పత్రం యూనివర్సిటీ నుంచి తెప్పించుకుంటారు. ఈ రెండు పనులకూ ఊళ్లో మనుషులున్నారు, రేట్లున్నాయి. ఎవరూ వీటిని పెద్ద తప్పుగా కూడా అనుకోరు.

నీడ్-బేస్డ్ ఎయిడ్ దగ్గర ఈ రెండూ బెడిసికొడతాయి. తక్కువ చూపిస్తే పట్టుబడతారు, ఎక్కువ చూపిస్తే సాయం పోతుంది. చాలా కాలేజీలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. ఎస్‌ఏటీ నడిపే కాలేజ్ బోర్డ్ వాళ్లదే ఇదీ. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆ తర్వాత ఒక్కో కాలేజీకి 16. కట్టలేనివాళ్లు కాలేజీకి మెయిల్ పెడితే కొన్ని మినహాయింపు కోడ్ పంపుతాయి, కొన్ని తమ సొంత ఉచిత ఫారం ఇస్తాయి. ఆ ఫారంలో జీతం దగ్గర మొదలుపెట్టి వడ్డీ, అద్దె, వ్యాపారం, ఇల్లు, స్థలాలు, బ్యాంకు నిల్వలు, అప్పులు, తమ్ముడి స్కూలు ఫీజు దాకా అన్నీ రాయాలి. దాంతోపాటు ఐటీ రిటర్న్, ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, లేనివాళ్లయితే యజమాని ఇచ్చిన లెటర్, ఇంగ్లీషులో లేని కాగితాలకు అనువాదం.

ఇవన్నీ ఒకే టేబుల్ మీద పక్కపక్కన పడతాయి. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఏడాదికి 90 వేలు. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో చిన్నబ్బాయి ఇంటర్ కాలేజీకి కట్టిన లక్షా ఎనభై వేలు. ఆదాయం కంటే ఖర్చు రెట్టింపు ఉంటే మిగతాది ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడుగుతారు. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో కూర్చునేవాళ్లు ఏటా ఇలాంటి ఫైళ్లు వందల్లో చూస్తారు. తహసీల్దార్ సంతకానికి అక్కడ ప్రత్యేకమైన బలమేమీ లేదు.

దొంగ కాగితాల సంగతి అయితే కేసుల దాకా వెళ్లింది. పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో 2023లో చేరిన ఒక భారతీయ విద్యార్థి నకిలీ మార్కుల కాగితాలు, ఆదాయపు పత్రాలతో పాటు, బతికున్న తండ్రి చనిపోయినట్టు డెత్ సర్టిఫికెట్ కూడా సృష్టించి పూర్తి సాయం తెచ్చుకున్నాడు. పేరు చెప్పకుండా రెడిట్ అనే చర్చా వెబ్‌సైట్‌లో తన ఘనకార్యం తనే రాసుకుంటే, అది చదివిన అక్కడి మోడరేటర్ ఒకరు ఆనవాళ్లు పట్టుకుని యూనివర్సిటీకి చెప్పాడు. 2024లో అరెస్టయ్యాడు, నేరం ఒప్పుకున్నాడు, దేశం వదిలి వెళ్లాడు. అందుకున్న సాయం విలువ దాదాపు 85 వేల డాలర్లు.

నిజం రాస్తే మనకు లాభమా, నష్టమా? ఇక్కడే అసలు ఆసక్తికరమైన లెక్క ఉంది. తెనాలిలో ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రి జూనియర్ లెక్చరర్, ఏడాదికి 12 లక్షల జీతం. తల్లి ఇంట్లోనే ఉంటారు. సొంత ఇల్లు ఉంది. తండ్రి పేరు మీద రెండెకరాల మాగాణి, కౌలుకిచ్చారు, ఏడాదికి 60 వేలు వస్తుంది. గుంటూరు శివార్లో రెండొందల గజాల ప్లాటు. మన లెక్కలో ఇది మధ్యతరగతిలో కాస్త పైమెట్టు. 'వీళ్లకేం తక్కువ, వీళ్లకెవరిస్తారు సాయం' అంటారు.

అమెరికన్ కళ్లతో చూస్తే 12 లక్షలంటే 13,300 డాలర్లు. హార్వర్డ్ 2025-26 నుంచి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు మామూలు ఆస్తులే ఉంటే అంతా ఉచితం అంటోంది. ప్రిన్స్‌టన్‌లో ఆ గీత లక్షన్నర డాలర్లు. లక్ష డాలర్లంటే 90 లక్షల రూపాయలు. ఆదాయం ఒక్కటే చూస్తే తెలుగు రాష్ట్రాల్లో బ్యాంకు మేనేజర్లు, డిప్యూటీ కలెక్టర్లు కూడా ఈ గీత కిందే ఉంటారు. లెక్చరర్ జీతంలోంచి కాలేజీ ఆశించేది దాదాపు సున్నా.

అయితే ఆ 'మామూలు ఆస్తులు' అన్న మాట దగ్గర ఆగాలి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటివి ఉంటున్న ఇంటి విలువను లెక్కలోకి తీసుకోవు. తెనాలి ఇల్లు అలా తప్పించుకుంటుంది. పొలం, ప్లాటు తప్పించుకోవు. ఎకరం 60 లక్షల చొప్పున పొలం కోటీ ఇరవై, ప్లాటు నలభై. మొత్తం కోటీ అరవై లక్షలు, అంటే లక్షా 78 వేల డాలర్లు. సీఎస్‌ఎస్ వాడే కాలేజీల పద్ధతిలో తల్లిదండ్రుల ఆస్తి మీద, కొన్ని మినహాయింపులు పోగా, ఏటా 3 నుంచి 5 శాతం దాకా చదువుకు వాడొచ్చని లెక్క వేస్తారు. మినహాయింపులు లేకుండా 4 శాతం అనుకున్నా ఏడాదికి 6 లక్షల 40 వేలు. పొలం మీద వచ్చే కౌలు 60 వేలు. ఒక్క ఆ పొలం పేరు చెప్పి కాలేజీ అడిగేదే దానికి ఎనిమిది రెట్లు.

తెలుగు కుటుంబాలకూ ఈ పద్ధతికీ లంకె కుదరని చోటు ఇదే. మన దగ్గర ఆదాయాలు చిన్నవి, భూమి ధరలు పెద్దవి. రాజధాని ప్రకటన తర్వాత అమరావతి చుట్టూ, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక హైదరాబాద్ చుట్టూ, ఎకరం కోట్లు దాటిన ఊళ్లలో ఇంకా పాలు పోసుకుని బతికే రైతులున్నారు. ఆ రైతు కొడుకు ఫారంలో ఆదాయం గడి చూస్తే నిరుపేద, ఆస్తి గడి చూస్తే శ్రీమంతుడు. అమెరికాలో కూడా ఈ పేచీ లేకపోలేదు. ఫాఫ్సా ఫారంలో 2024-25 నుంచి కుటుంబ పొలాలను ఆస్తిగా లెక్కపెట్టడం మొదలుపెడితే అయోవా, నెబ్రాస్కా రైతులు గగ్గోలు పెట్టారు. 2025లో వచ్చిన చట్టంతో 2026-27 నుంచి ఆ లెక్క తీసేశారు. ఆ వెసులుబాటు ప్రభుత్వ సాయానికే. కాలేజీ సొంత డబ్బు ఇచ్చేటప్పుడు ఎలా లెక్కపెట్టాలో కాలేజీ ఇష్టం.

ఇంకో చిక్కు ఏ విలువ రాయాలన్నది. ఫారం అడిగేది ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందని. మన చేతిలో ఉండే కాగితం రిజిస్ట్రేషన్ విలువ చెబుతుంది, బయటి రేటు దానికి రెండు మూడు రెట్లు. కాగితం ఉన్నదే రాద్దామని చాలామందికి అనిపిస్తుంది. రెండూ రాసి, తేడా ఎందుకో నాలుగు వాక్యాల్లో చెప్పడం మేలు. సీఎస్‌ఎస్‌లో ప్రత్యేక పరిస్థితులు వివరించడానికి చోటుంది, దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. పొలం తాతగారి పేరు మీదే ఉందా, ముగ్గురు అన్నదమ్ములకు పంపకాలు కాలేదా, నీటి వసతి లేక నాలుగేళ్లుగా బీడు పడి ఉందా, ఇవన్నీ అక్కడ రాయాల్సినవే. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి రైతు ఇంట్లో ఐటీ రిటర్న్ ఉండకపోవడం సహజం. ఆ సంగతి బోస్టన్‌లో కూర్చున్న ఆఫీసర్‌కు తెలియాలని లేదు. ఎవరో ఒకరు చెప్పాలి. పాసుపుస్తకం కాపీ, ధాన్యం అమ్మిన రసీదులు, సొసైటీ అప్పు కాగితం జతచేస్తే మాటకు బలం వస్తుంది.

అప్పుల దగ్గర మాత్రం పెద్ద ఆశలు వద్దు. రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి తెచ్చుకున్న ఆరు లక్షలు, ఎత్తిన చిట్టీకి నెలనెలా కడుతున్న వాయిదా ఇంటి బడ్జెట్‌ను పిండేస్తుంటాయి. కాలేజీ లెక్కలో ఇలాంటి వాడుక అప్పులకు పెద్దగా చోటు లేదు. వైద్యం ఖర్చులకైతే వింటారు, ఆస్పత్రి బిల్లులుంటే.

తెనాలి కుటుంబం దగ్గరికే వస్తే, మినహాయింపులు పోయాక కాలేజీ వాళ్లను ఏడాదికి ఐదారు లక్షలు కట్టమనొచ్చు. అందుకు తోడు విద్యార్థి వేసవి సంపాదన కింద, క్యాంపస్ పని కింద కొంత. మిగతా డెబ్బై లక్షల పైచిలుకు కాలేజీ భరిస్తుంది. ఇంట్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి: తొంభై శాతం వదిలేశారని ఒకరు, ఆ ఐదు లక్షలు ఎక్కడినుంచి తేవాలని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే. నాలుగేళ్లకు ఇరవై పాతిక లక్షలు, పైగా లెక్క డాలర్లలో. రూపాయి పడితే వాళ్ల వాటా దానంతటదే పెరుగుతుంది. పదేళ్ల కిందట డాలర్ 65 రూపాయల దగ్గరుండేది. అయినా ఎంఎస్‌కు పెట్టే నలభై యాభై లక్షల అప్పుతో పోలిస్తే ఇది చౌకే.

వెళ్లాక తెలిసే ఖర్చు ఒకటుంది, దాని గురించి ఎవరూ ముందు చెప్పరు. ట్యూషన్, పుస్తకాల కోసం ఇచ్చిన గ్రాంటుకు అమెరికాలో పన్ను లేదు. హాస్టల్, తిండి కోసం ఇచ్చిన దానికి ఉంది. ఎఫ్-1 విద్యార్థులకు దాని మీద కాలేజీ 14 శాతం ముందుగానే పట్టుకుంటుంది. ఏడాదికి 20 వేల డాలర్ల తిండి, వసతి గ్రాంటు ఉంటే 2,800 డాలర్లు. చేతికి డబ్బే రాని పిల్లకు రెండున్నర లక్షల పన్ను. ఇక్కడ భారతీయులకు కలిసొచ్చే మాట ఒకటి భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్‌లో ఉంది. దాని ప్రకారం భారతీయ విద్యార్థులు అమెరికన్లలాగే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. మిగతా దేశాల పిల్లల్లో చాలామందికి ఆ వీలు లేదు. 2024లో ఆ డిడక్షన్ 14,600 డాలర్లు. అప్పుడు పన్ను పడేది 5,400 మీదే, పది శాతం లెక్కన 540 డాలర్లు. పట్టుకున్నదాంట్లో మిగతాది రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. రిటర్న్ వేయాలని తెలియాలి, అంతే.

ఈ ఉదారత ఎన్నాళ్లుంటుందో చెప్పే పూచీ ఎవరికీ లేదు. డార్ట్‌మత్ ఒకసారి విదేశీయులకు నీడ్-బ్లైండ్ అయి, ఖర్చు భరించలేక 2015లో మానేస్తున్నట్టు ప్రకటించి, పేరు చెప్పని దాత ఇచ్చిన నాలుగు కోట్ల డాలర్లతో 2022లో మళ్లీ మొదలుపెట్టింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం సంపన్న కాలేజీల నిధి రాబడి మీద 1.4 శాతం పన్ను వేసింది. 2025 చట్టం దాన్ని శ్లాబులుగా మార్చి గరిష్ఠంగా 8 శాతం చేసింది. ఒక్కో విద్యార్థికి 20 లక్షల డాలర్లకు మించి నిధి ఉన్న ప్రిన్స్‌టన్, యేల్, ఎంఐటీ లాంటివి పైశ్లాబులోకి వస్తాయి. అంటే విదేశీయులకు ఎక్కువ ఇస్తున్న కాలేజీల మీదే దెబ్బ ఎక్కువ. ఆ 2025లోనే మే చివర నుంచి జూన్ 18 దాకా విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కొత్త స్లాట్లు ఆపేశారు. సాయం ఉత్తరం చేతిలో పెట్టుకుని స్లాట్ కోసం రాత్రుళ్లు వెబ్‌సైట్ ముందు కూర్చున్న పిల్లలున్నారు.

ఇంత సాయం ఉన్నా మన పిల్లలు ఆ వైపు ఎందుకు తక్కువ పోతున్నారు? అమెరికాలో చదివే భారతీయుల్లో 2023-24 లెక్క ప్రకారం పీజీ, ఆపైన చదివేవాళ్లు 1,96,567 మంది. డిగ్రీ చదివేవాళ్లు 36,053. తెలుగువాళ్ల అమెరికా దారి అంటే బీటెక్ తర్వాత ఎంఎస్, అది ఊరూరా స్థిరపడిపోయింది. నీడ్-బేస్డ్ ఎయిడ్ మొత్తం డిగ్రీ స్థాయి వ్యవహారం. ఎంఎస్‌లో అలాంటిదేమీ లేనట్టే, యూనివర్సిటీలో పని చేసినందుకు ఇచ్చే అసిస్టెంట్‌షిప్ దొరికితే దొరికినట్టు. మన ప్రభుత్వాల పథకాలదీ అదే దారి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల వరకు ఇచ్చేది పీజీ, పీహెచ్‌డీలకే. కన్సల్టెన్సీల ఆదాయం యూనివర్సిటీలిచ్చే కమీషన్. ఆమ్‌హర్స్ట్, బోడన్ కమీషన్ ఇచ్చి పిల్లల్ని పట్టుకురమ్మనే రకం కావు. అందుకే అమీర్‌పేట బోర్డుల మీద ఆ పేర్లు కనిపించవు.

అన్నిటికన్నా పెద్ద అడ్డం క్యాలెండర్. రెగ్యులర్ దరఖాస్తుల గడువు చాలా చోట్ల జనవరి మొదటి వారం. సీఎస్‌ఎస్, ఆదాయపు కాగితాల అప్‌లోడ్ జనవరి, ఫిబ్రవరిల్లో. జేఈఈ మెయిన్ మొదటి సెషన్ జనవరి చివర్లో, ఇంటర్ ప్రాక్టికల్స్ ఆ వెంటనే. రెసిడెన్షియల్ కాలేజీలో ఉండే పిల్లాడికి ఆదివారం సాయంత్రం అరగంట ఫోన్ ఇస్తారు. అర్ధరాత్రి లాగిన్ అయి పాసుపుస్తకం స్కాన్ చేసి పెట్టాల్సిన వారాల్లో అతను స్టడీ అవర్‌లో కూర్చుని ఉంటాడు. స్కూల్ కౌన్సెలర్ రిపోర్టు ఇవ్వమని అడిగితే, ఆ కౌన్సెలర్ అంటే ఎవరని ప్రిన్సిపాల్ ఎదురడుగుతారు.